హర్డిల్ దాటే ఆ ఒక్క క్షణం కోసం ఏ లెన్స్ కొన్నానంటే | మా బెంగళూరు వ్లాగ్

నమస్తే అండి, బాగున్నారా అందరూ? టైమ్ ఉదయం ఆరు దాటింది. కంఠీరవ స్టేడియంలో మెట్ల మీద కూర్చున్నాను. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. వెనకాల వినిపిస్తున్న విజిల్ కోచ్ సర్‌ది. ఆ మూడో లేన్‌లో పసుపు టీషర్టు వేసుకుని కాళ్లు సాగదీస్తున్నది మా అమ్మాయి. నా ఒళ్లో ఉన్న ఈ లెన్సు మాత్రం నాది కాదు, రెండు రోజులకు అద్దెకు తెచ్చింది. రేపు సాయంత్రం ఏడు లోపల తిరిగి ఇచ్చేయాలి. ఈలోగా నేనొక నిర్ణయానికి రావాలి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం చెప్తాను. డాలస్‌లో ఏడేళ్లు ఉండి 2022లో బెంగళూరు వచ్చేశాం. మారతహళ్లి వైపు ఉంటాం. అత్తగారిల్లు హిందూపురం కాబట్టి నెలకోసారైనా అటు వెళ్తాం. అమ్మాయికి పదిహేనేళ్లు, వంద మీటర్ల హర్డిల్స్ పరిగెడుతుంది. దానికి ఈ ఆట మీద ప్రేమ పుట్టింది జ్యోతి యర్రాజిని చూసే. మన విశాఖ అమ్మాయి, 2023లో బ్యాంకాక్‌లో, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్ అయింది. గుమిలో 12.96 సెకన్లు. ఆ అంకె మా ఫ్రిజ్ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది.

ఈ లెన్సు వెతుకులాట ఎందుకు మొదలైందో చెప్పాలి. మొన్న డిసెంబర్‌లో ఒక మీట్ జరిగింది. ఫైనల్ సాయంత్రానికి జరిగింది, ఫ్లడ్‌లైట్లు వేశారు. నా దగ్గర సోనీ ఏ6400 కెమెరా, దానికి పాత 55-210 లెన్సు. ఆ అంకెలు జూమ్ హద్దులు, మిల్లీమీటర్లలో. అంకె పెద్దదయ్యేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. అరవై దాకా ఫొటోలు తీశాను. ఇదిగో, స్క్రీన్ మీద పెడుతున్నాను, కాస్త ఆపి చూడండి. హర్డిల్ చెక్క మీద ఉన్న అక్షరాలు కూడా చదవచ్చు, అంత స్పష్టంగా ఉన్నాయి. దాని మీద మా అమ్మాయి మాత్రం ఒక పసుపు చార. ముఖం లేదు, కాళ్లు లేవు. కారులో అన్నీ తిప్పి తిప్పి చూసి, "ఒక్కటీ రాలేదా అమ్మా?" అంది. ఆ రోజు అది తన బెస్ట్ టైమింగ్ చేసింది. నాకు చాలా బాధేసింది.

ఆ ఫొటోలోనే సమాధానం కూడా ఉంది. హర్డిల్ స్పష్టంగా ఉందంటే నా చేయి వణకలేదన్నమాట. లెన్సులోని స్టెబిలైజేషన్ దాని పని అది చేసింది. కానీ అది ఆపేది మన చేతి వణుకునే, పరిగెత్తే మనిషిని కాదు. పరిగెత్తే మనిషి ఫొటోలో ఆగినట్టు రావాలంటే షటర్ తెరిచి ఉండే సమయం సెకనులో వెయ్యో వంతుకు మించకూడదు. నాది ఆ రోజు 1/200 దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే వెలుతురు లేదు. ఆ లెన్సు చివరి దాకా జూమ్ చేస్తే ఎఫ్ 6.3 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది. అదే ఎఫ్ 2.8 లెన్సయితే దాదాపు 5 రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. ఐఎస్ఓ, అంటే కెమెరా ఫొటోను ఎంత వెలుగుగా పెంచాలో చెప్పే అంకె, 12800 పెట్టాల్సిన చోట 2500 సరిపోతుంది. మొదటిది ఇసుక చల్లినట్టు ఉంటుంది, రెండోది గోడకు పెట్టుకునేలా ఉంటుంది.

ఇంకో మాట, ఫ్లడ్‌లైట్ల కింద తీసేవాళ్లకు పనికొస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా స్టేడియం లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు. వేగంగా వరుసగా తీస్తే మాత్రం ఒక ఫ్రేము పసుపుగా, పక్కది చీకటిగా వస్తుంది. లెన్సు పాడైందని కంగారు పడకండి. ఎక్కువ ఫ్రేములు తీసి మంచివి ఏరుకోవడమే.

సరే, కొనాలి అనుకోగానే ఇంట్లో చర్చ మొదలైంది. మా ఆయనది ఒకటే మాట: "కొంటే 200-600 కొనేద్దాం, కబిని అడవికి వెళ్తే పులి కూడా ఫొటోలో దగ్గరగా వస్తుంది." అందులో తప్పేం లేదు, అది చాలా మంచి లెన్సు. కానీ బరువు 2115 గ్రాములు. కెమెరాతో కలిపితే రెండున్నర కిలోలు. అత్తయ్యను చేయి పట్టుకుని గుడి మెట్లు ఎక్కించేటప్పుడు ఇంకో చేత్తో అది మోయలేను. పైగా 200 దగ్గర మొదలవుతుంది. ఫినిష్ లైన్ దాటి అమ్మాయి నా వైపే పరిగెత్తుకొస్తే ఫ్రేములో సగం ముఖమే పడుతుంది.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడు, "అక్కా, జూన్‌లో వస్తున్నా, సోనీ 70-200 ఎఫ్ 2.8 పట్టుకొస్తా" అన్నాడు. దాని రెండో వెర్షన్ ఇక్కడ రెండు లక్షలు దాటుతుంది, బయట నుంచి తెప్పించుకోవాలనిపించడం సహజం. మీలో చాలామంది చేసేది కూడా ఇదే కదా. ఒక్కటి గుర్తుంచుకోండి. లెన్సు వారంటీ చాలాసార్లు కొన్న దేశానికే చెల్లుతుంది. ఫోకస్ మోటార్ ఇబ్బంది పెడితే ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో మన జేబులోంచే పెట్టుకోవాలి. రోజూ దుమ్ములో తిరిగే వస్తువు కాబట్టి నేను ఇక్కడి బిల్లుతోనే తీసుకోవాలని ముందే అనుకున్నాను.

అన్నీ తీసేస్తే నా లిస్టులో రెండు మిగిలాయి. సోనీ 70-350 ఒకటి: 625 గ్రాములు, ఎఫ్ 4.5 నుంచి 6.3. ట్యామ్రాన్ 70-180 జీ2 ఇంకొకటి: 855 గ్రాములు, ఎక్కడ జూమ్ చేసినా ఎఫ్ 2.8. ఏ6400 బాడీలో స్టెబిలైజేషన్ లేదు కాబట్టి లెన్సులో ఉండటం నాకు తప్పనిసరి. ఈ రెండింటిలోనూ ఉంది. ట్యామ్రాన్‌లో 2020లో వచ్చిన మొదటి వెర్షన్‌లో లేదు, 2023లో వచ్చిన జీ2లో ఇచ్చారు. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు పేరు పక్కన జీ2 ఉందో లేదో తప్పకుండా చూసుకోండి, బొమ్మలో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

పోయిన నెల 70-350 అద్దెకు తెచ్చి చూశాను. ఈసారి ఇది. అద్దె షాపులో కౌంటర్ దగ్గర ఉన్న అబ్బాయిది మదనపల్లె. నా కన్నడ విని రెండు నిమిషాల్లో తెలుగులోకి వచ్చేశాడు. "అక్కా, తీసుకునే ముందు లోపల టార్చ్ వేసి చూడు" అని తనే చూపించాడు. లెన్సు వెనక నుంచి ఫోన్ టార్చ్ వేస్తే ముందు అద్దంలో అన్నీ తెలుస్తాయి. దుమ్ము చుక్కలు నాలుగైదు ఉంటే పర్వాలేదు. సాలెగూడులా దారాలు కనిపిస్తే మాత్రం అది ఫంగస్, ముట్టుకోవద్దు. గీతలేమైనా ఉంటే అక్కడే ఫొటో తీసి పెట్టుకోండి, డిపాజిట్ దగ్గర టెన్షన్ ఉండదు.

అదిగో, హర్డిల్స్ సర్దేశారు. మొత్తం పది. గీత నుంచి మొదటిది 13 మీటర్లు, మధ్యలో ఎనిమిదిన్నర మీటర్ల చొప్పున, ఆఖరి హర్డిల్ నుంచి ఫినిష్‌కు పదిన్నర. ఈ లెక్క పిల్లల కంటే నాకే ఎక్కువ పనికొచ్చింది. ఎదురుగా నిలబడితే ముందున్న హర్డిళ్లు ఒకదాని వెనక ఒకటి కాళ్లను కప్పేస్తాయి. ఆఖరి రెండు దాటేటప్పుడే మనిషి పూర్తిగా కనిపిస్తుంది. అందుకే కోచ్ సర్‌ని అడిగి, ఫినిష్ లైన్ వెనక ముప్పై మీటర్ల దూరంలో, లేన్లకు పక్కగా నిలబడ్డాను. ఇక్కడి నుంచి పదో హర్డిల్ 40 మీటర్లు. 180 దగ్గర, కెమెరా అడ్డంగా పట్టుకుంటే, ఆ దూరంలో ఫ్రేము ఎత్తు సుమారు మూడున్నర మీటర్లు. అమ్మాయి అందులో దాదాపు సగం ఉంటుంది. చేతులు చాపడానికి, పైకి లేవడానికి చోటు ఉంటుంది. నాకు అది చాలు.

350 అయితే ఇదే చోట ఫ్రేము రెండు మీటర్లు కూడా ఉండదు. పోయిన నెల అలాగే జరిగింది, చాలా ఫొటోల్లో మోచేతులు తెగిపోయాయి. దూరం ఎక్కువ లాగే లెన్సే ఆటలకు మంచిదని నేనూ అనుకునేదాన్ని. ట్రాక్ దగ్గరికి వెళ్లగలిగిన తల్లిదండ్రులకు దూరం కంటే వెలుతురే కరువు. గ్యాలరీలో పైన కూర్చుని తీయాల్సి వస్తే లెక్క వేరు, అప్పుడు 350 కావాలి.

2025 జూలై 5న నీరజ్ చోప్రా క్లాసిక్ జావెలిన్ పోటీ ఈ స్టేడియంలోనే జరిగింది, నీరజ్ 86.18 మీటర్లు విసిరి గెలిచాడు. మేం గ్యాలరీలో ఉన్నాం, కెమెరా తీసుకెళ్లలేదు. నేను మాత్రం మధ్యమధ్యలో కింద ఫొటోగ్రాఫర్లు ఎక్కడ కూర్చున్నారా అని చూస్తూనే ఉన్నాను. ఎక్కడ కూర్చోవాలో తెలియడం లెన్సు ధరలో సగం ఆదా చేస్తుందని నాకు గట్టి నమ్మకం.

ఉదయం ఆరున్నరకు, సూర్యుడు గోడ పైకి రాకముందే, వెయ్యో వంతు షటర్‌తో, ఎఫ్ 2.8తో తీసిన మొదటి ఫొటో ఇది. నుదుటి మీద అంటుకున్న జుట్టు కనిపిస్తోంది చూడండి.

ఇక ప్రయాణం సంగతి. మర్నాడు ఆదివారం పొద్దున్నే ఇదే లెన్సుతో హైవే ఎక్కి, కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర లేపాక్షి వైపు తిరిగాం. ముందు వీరాపురం. చిలమత్తూరు మండలంలో చిన్న ఊరు. ఎర్రకాళ్ల కొంగలు ఏటా వేసవికి ముందే వచ్చి ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఊరివాళ్లు. పక్షులంటే 600 ఉండాలంటారు కదా, ఇక్కడ ఇంటి ముందు చింతచెట్టు మీదే గూడు. అరుగు మీద కూర్చుని 180తో తీశాను. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు, గూట్లో పుల్లలు, అన్నీ వచ్చాయి. దూరంగా చెరువులో ఉన్నవాటికి మాత్రం చాల్లేదు. అలాంటివి ఇంటికొచ్చి క్రాప్ చేశాను. 350కి సమానంగా కత్తిరిస్తే 24 మెగాపిక్సెళ్లలో 6 మిగిలాయి. పది అంగుళాల ప్రింటుకు అవి సరిపోతాయి. అంతకంటే పెద్దది కావాలంటే సరిపోవు, ఇందులో దాచేదేం లేదు. సోనీలో ఈ లెన్సుకు టెలికన్వర్టర్, అంటే జూమ్ పెంచే అదనపు అద్దం, కూడా తగిలించలేం.

లేపాక్షిలో నంది దగ్గర ఫోనే చాలు. నేను వెళ్లింది రంగమండపం కప్పు మీద విజయనగరం నాటి బొమ్మల కోసం. ఎన్నిసార్లు వెళ్లినా మెడ నొప్పి పుట్టేదాకా చూసి వచ్చేస్తాం, ఆ చీరల అంచులు, కొప్పులు ఎప్పుడూ సరిగా కనిపించలేదు. మండపంలో చీకటి. ఫ్లాష్ వాడకూడదు, ట్రైపాడ్ అనుమతి లేకుండా పెట్టనివ్వరు. ఇక్కడ బొమ్మ కదలదు కాబట్టి షటర్ 1/60కి తగ్గించాను. ఈసారి స్టెబిలైజేషన్ నిజంగా ఆదుకుంది. స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి తీశాను. ఒక స్త్రీ చీర మీద చిన్న చిన్న పువ్వుల డిజైన్. అత్తయ్య కెమెరా స్క్రీన్ దగ్గరికి కళ్లు తెచ్చి, "మా అమ్మ చీర మీద ఇట్లాంటి పూలే ఉండేవి" అన్నారు. అరవై ఏళ్లుగా ఆ గుడికి వస్తున్న మనిషి, ఆ పూలు మొదటిసారి చూశారు.

సాయంత్రం ఆరున్నరకు లెన్సు తిరిగి ఇచ్చేశాం. కారులో మా ఆయనే, "సరే, ఇదే తీసుకో. పులి కోసం ఆ పెద్దది అప్పుడు అద్దెకు తెచ్చుకుందాం" అన్నారు.

మంగళవారం కొన్నాను, ట్యామ్రాన్ 70-180 జీ2. షాపులోనే బాక్సు మీది సీరియల్ నంబరు, లెన్సు మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటేనా అని చూసుకున్నాను. ఇంటికొచ్చి ఎదురుగా ఉన్న ఇటుక గోడను తిన్నగా ఒక ఫొటో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూశాను. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లోపల అద్దం పక్కకు ఉన్నట్టు, మార్చుకోవాలి. నాది బాగానే ఉంది.

గురువారం సాయంత్రం ప్రాక్టీస్‌కు తీసుకెళ్లాను, లైట్లు వేశాక. పదో హర్డిల్ మీద పదకొండు ఫ్రేములు వరుసగా వచ్చాయి. అమ్మాయి కారులో కెమెరా తీసుకుని ఒక్కొక్కటే ముందుకు తిప్పుతోంది. ఏడో ఫ్రేము దగ్గర ఆగింది. బటన్ నొక్కి పెద్దది చేసింది.

"అమ్మా, నా వెనక కాలు చూడు. మోకాలు కిందికి దిగిపోతోంది. కోచ్ సర్ రోజూ అరిచేది దీని గురించే."

మూడు నెలలుగా ఆయన చెప్తున్నారు, లేదు సర్ పైకే ఉంది అని ఇది వాదిస్తోంది. ఇప్పుడు ఆ ఫ్రేమును ఫోన్‌లోకి పంపించుకుని కోచ్ సర్‌కి మెసేజ్ టైప్ చేస్తోంది. కారు తీయకుండా ఆగాను, పంపడం అయిపోనీ అని.