హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండ్‌లో దిగినాక ఎట్లా పోవాల? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: హలో, చెప్పండి, యాడి నుంచి మాట్లాడుతున్నారు?

కాలర్: కర్నూల్ నుంచే మేడం. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, నిమ్స్ ఆస్పత్రిలో చూపించాలని పోతాండాం, నేనూ ఆమే ఇద్దరమే. హైదరాబాద్ నాకు కొత్త, ఆటోవాళ్లు ఎంత అడుగుతారో ఏమో అని ఒకటే భయం.

యాంకర్: రిటైర్డ్ కండక్టర్ సార్ మనతో ఉన్నారు, హైదరాబాద్ రూట్లో చానా ఏళ్లు తిరిగినారు. సార్, చెప్పండి.

కండక్టర్: ఆటో ఎందుకమ్మా. మన బస్సు ఎంజీబీఎస్ బస్టాండ్‌లో ఆపుతాడు, ఇమ్లీబన్ అన్నా అదే, అక్కడే మెట్రో స్టేషన్ ఉంది. మియాపూర్ వైపు పోయే రైలు ఎక్కితే నిమ్స్ ఉండే పంజాగుట్ట ఎనిమిదో స్టేషన్, నడుమ యాడా మారే పని లేదు. కాకపోతే అదే స్టేషన్ నుంచి జేబీఎస్‌కు, అంటే జూబ్లీ బస్టాండ్‌కు పోయే లైన్ కూడా ఉంది, అది ఎక్కితే సికింద్రాబాద్ పక్కకు పోతారు, అందుకని ప్లాట్‌ఫాం మీద మియాపూర్ అని బోర్డు చూసుకొని నిలబడండి. అత్తమ్మకు మెట్లొద్దు, లిఫ్ట్ అడగండి.

కాలర్: రాత్రి పన్నెండు బస్సుకు పోదామనుకుంటిమి సార్.

కండక్టర్: అదే వద్దమ్మా! కర్నూల్ నుంచి రెండు వందల కిలోమీటర్ల పైనే, అయినా రాత్రిపూట రోడ్డు ఖాళీ, తెల్లారుజామున నాలుగున్నరకే దింపేస్తాడు. మెట్రో మొదటి బండి ఆరు గంటలకు, ఆటోవాళ్లు బేరం పెట్టేది సరిగ్గా ఆ గ్యాప్‌లోనే. రాత్రి రెండు గంటలకు బయలుదేరే బస్సు పట్టుకోండి, లేదంటే బస్టాండ్ లోపలే కూచోండి, బయటికి రావద్దు. తొమ్మిది దాటితే ఆఫీసు జనం, పెద్దామెను నిలబెట్టడం కష్టం. ఆడవాళ్లకు రైల్లో వేరే జాగా ఉంటది, అందులోనే ఎక్కండి. టికెట్ మీద క్యూఆర్ ఉంటది చూడు, బయటికి వచ్చేటప్పుడు కూడా అది చూపించాల, మడిచి యాడో పడేయొద్దు.

కాలర్: బస్సు ఫ్రీనే కదా సార్ ఆడోళ్లకు?

కండక్టర్: (నవ్వు) అందరూ అడిగేదిదే. మన ఫ్రీ బస్సు పథకం స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది గానీ అది ఆంధ్రా లోపల తిరిగే బస్సులకే, హైదరాబాద్ బస్సుకు చెల్లదు. అక్కడి ఫ్రీ బస్సు పథకం మహాలక్ష్మి 2023 డిసెంబర్ నుంచి ఉంది, అది తెలంగాణ అడ్రస్ ఉన్నవాళ్లకు. మన ఆధార్ చూపిస్తే సిటీ బస్సు కండక్టర్ టికెట్ కొట్టేస్తాడు, వానితో కొట్లాడి లాభం లేదు, తుంగభద్ర బ్రిడ్జి దాటినామంటే వేరే రాష్ట్రం. మెట్రోకైతే ఎవరికైనా టికెటే.

యాంకర్: ఇంకో కాలర్, డోన్ నుంచి.

కాలర్ 2: సార్, హైటెక్ సిటీలో ఇంటర్వ్యూ ఉంది, నేనూ అదే మెట్రోనా?

కండక్టర్: అదే బాబూ, పంజాగుట్ట తర్వాతది అమీర్‌పేట, అక్కడ దిగి రాయదుర్గం బండి ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగాల. పొద్దున పూట అమీర్‌పేటలో జనం తోసేస్తారు, సర్టిఫికెట్ల బ్యాగు వీపుకు కాదు, ముందుకు వేసుకో. కంపెనీ స్టేషన్‌కు ఏ పక్క ఉందో ముందే ఫోన్ చేసి అడుగు, అవతలి వైపు దిగితే ఆ ట్రాఫిక్‌లో రోడ్డు దాటేసరికే లేటైతది.

కాలర్ 2: సరే సార్, థ్యాంక్యూ సార్.