పట్టిక కన్నా ముందు ఉల్లిపొర

అందరికీ నమస్కారం. జీవశాస్త్రం చెప్పే టీచర్లు ఇంతమంది ఒకచోట కలవడం అరుదు, అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

కణం పాఠం మొదలవగానే మనలో చాలామంది బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత గీస్తాం. ఎడమ పక్కన వృక్షకణం, కుడి పక్కన జంతుకణం. కణకవచం, అంటే కణం చుట్టూ ఉండే గోడ, ఉంటుంది, ఉండదు. హరితరేణువులు, అంటే ఎండతో తిండి తయారు చేసే ఆకుపచ్చ రేణువులు, ఉంటాయి, ఉండవు. రిక్తిక, అంటే కణం లోపలి నీటిసంచి, పెద్దది, చిన్నది. పిల్లలు నోట్సులో రాసుకుంటారు, బట్టీ పడతారు, పరీక్షలో మార్కులూ తెచ్చుకుంటారు. అదే పిల్లలకి ఉల్లిపొర స్లైడు చూపించి "ఏం కనబడుతోంది?" అని అడగండి. "హరితరేణువులు సార్" అనేవాళ్ళు ప్రతి క్లాసులోనూ ఉంటారు. అక్కడ అవి లేవు. పట్టికలో ఉన్నాయి కాబట్టి కళ్ళకీ కనబడ్డాయి అంటున్నారు. చూసినదాన్ని కాకుండా రాసుకున్నదాన్ని చెప్పడం ఆ వయసులోనే అలవాటైపోతే ఇక సైన్సు ఎక్కడ మిగులుతుంది?

అందుకే నేను అడిగేది ఒక్కటే. పట్టికని ఆఖరుకి జరపండి. ముందు పిల్లలు చూడాలి. తర్వాత "ఎందుకిలా ఉంది?" అని అడగాలి. మొక్క పుట్టిన చోటే నిలబడి, తన తిండి తానే తయారు చేసుకుని బతుకుతుంది. జంతువు తిండి కోసం కదలాలి. పట్టికలోని తేడాల్లో ముఖ్యమైనవన్నీ ఈ రెండు బతుకుల నుంచి వచ్చినవే. ఇది అర్థమైన పిల్లకి బట్టీ పట్టాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

ఉల్లిపాయతోనే మొదలుపెడదాం. మామూలుగా మనం తెల్లటి లోపలి పొర తీసి, అయోడిన్ గానీ సఫ్రానిన్ అనే ఎర్ర రంగు గానీ వేసి చూపిస్తాం. అందులో కణకవచం, కేంద్రకం చక్కగా కనబడతాయి. నా మాట విని ఈసారి ఎర్ర ఉల్లిపాయ తీసుకోండి. పైన ఎండిపోయిన పొట్టు కాదు, దాని కింద రసం ఉన్న రేకు. ఆ రేకు బయటి వైపు నుంచి ఊదారంగు ఉన్న పలుచటి పొరని ఫోర్సెప్స్‌తో లాగండి. చిన్న ముక్క చాలు. స్లైడు మీద నీటిబొట్టులో ముడత పడకుండా పరిచి కవర్‌స్లిప్ వేయండి. ఏ రంగూ కలపక్కర్లేదు. మైక్రోస్కోపులో ఒక్కో కణం నిండా గులాబీ రంగు కనబడుతుంది. ఆ రంగు నీళ్ళు ఉన్నది రిక్తికలో. కణంలో ఎంత మేర రంగు ఉందో పిల్లల్నే చెప్పమనండి. ఎదిగిన వృక్షకణంలో నూటికి తొంభై వంతుల దాకా రిక్తికే ఉండొచ్చు. బొమ్మలో మనం మధ్యలో ఒక గుండ్రం గీసి వదిలేస్తాం కాబట్టి ఈ సంగతి పిల్లలకి ఎప్పటికీ తట్టదు.

ఇప్పుడు అసలు పని. సగం గ్లాసు నీళ్ళలో ఒక చెంచాడు ఉప్పు కరిగించి, ఒక చుక్క కవర్‌స్లిప్ అంచున వేయండి. రెండో అంచున టిష్యూ కాగితం ఆనిస్తే ఉప్పునీళ్ళు లోపలికి పాకుతాయి. పిల్లల్ని కన్ను తీయొద్దనండి. కొన్ని నిమిషాల్లోనే గులాబీ రంగు మూలల నుంచి విడిపోయి మధ్యకి ముడుచుకుపోతుంది, రంగు కూడా చిక్కబడుతుంది. చుట్టూ ఉన్న గోడ మాత్రం కదలదు. గోడ వేరు, దాని లోపలి ప్లాస్మా పొర వేరు అని మాటల్లో ఎంత చెప్పినా పిల్లలు రెండింటినీ కలిపేస్తారు. ఇక్కడ అవి రెండూ విడిపోవడం కళ్ళముందే జరుగుతుంది. ఆలస్యం చేయకుండా అదే దారిలో మంచినీళ్ళు పంపితే రంగు మళ్ళీ కణమంతా పరుచుకుంటుంది. పాఠం మొత్తంలో మీకు ఒక్క ప్రయోగానికే టైముంటే, ఇదే చేయండి.

ఇది చూశాక రైతుబజారు గురించి అడగండి. తోటకూర కట్టల మీద అస్తమానం నీళ్ళు ఎందుకు చల్లుతారు? వడిలిన కట్ట కాడల్ని నీళ్ళలో ఉంచితే ఎందుకు నిటారుగా లేస్తుంది? రిక్తికలోకి నీళ్ళు చేరి, కణం ఉబ్బి గోడని లోపల నుంచి నెడుతుంది, గోడ ఆ నెట్టుడుని ఆపుతుంది. లేత మొక్కని నిలబెట్టేది ఆ బిగువే. మొక్కకి ఎముకలు లేవు కదా, మరి ఎలా నిలబడింది అన్న ప్రశ్నకి జవాబు పిల్లల నోటి నుంచే వస్తుంది. వెంటనే రెండో ప్రశ్న వేయండి: అంత మంచి గోడ మనకెందుకు లేదు? మన కండరాల కణాలు సంకోచించాలి. తెల్ల రక్తకణం ఆకారం మార్చుకుంటూ వెళ్ళి బ్యాక్టీరియాని చుట్టేసి మింగాలి. చుట్టూ బిగుసుకున్న గోడ ఉంటే ఈ పనులేవీ జరగవు.

జంతుకణం దగ్గరికి వచ్చేసరికి మనందరికీ టెన్షనే. బుగ్గ లోపలి కణాలు పల్చగా, రంగు లేకుండా, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయాయో తెలియకుండా ఉంటాయి. "ఏమీ కనబళ్ళేదు మేడమ్" అంటారు. నిజానికి శాస్త్రవేత్తలకీ ఇదే ఇబ్బంది. రాబర్ట్ హుక్ బెండులో గదుల్లాంటి కణాలు చూసి ప్రకటించింది 1665లో. ఆయనకి కనబడినవి చచ్చిపోయిన కణాల గోడలే. మొక్కలన్నీ కణాలతోనే తయారయ్యాయని ష్లైడెన్ 1838లో అన్నాడు. జంతువులూ అంతేనని ష్వాన్ మరుసటేడాది, 1839లో చెప్పాడు. అంత కాలం పట్టడానికి గోడ లేకపోవడం ఒక ముఖ్య కారణం. ష్వాన్‌కి దారి చూపింది కేంద్రకం. దాన్ని అంతకుముందే, 1831లో, రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో గుర్తించి వివరించాడు. గోడ కనబడని చోట ష్వాన్ కేంద్రకాన్ని వెతికాడు. మన పిల్లలూ అదే చేయాలి. కేంద్రకానికి పట్టే నీలం రంగు, మిథిలిన్ బ్లూ, ఒక చుక్క వేయండి, వెలుతురు తగ్గించండి, "ముందు నీలం చుక్కని పట్టుకోండి, తర్వాత దాని చుట్టూ అంచు వెతకండి" అని చెప్పండి. అప్పుడు కనబడుతుంది.

ఒక జాగ్రత్త. బుగ్గ గీకడానికి గుండుసూది, బ్లేడు దగ్గరికి కూడా రానివ్వొద్దు. శుభ్రమైన ఇయర్‌బడ్ చాలు. ఎవరిది వాళ్ళకే, వాడాక బ్లీచింగ్ నీళ్ళలోకి. వేలు గుచ్చి రక్తం తీసి చూపించడం స్కూల్లో అసలు వద్దు.

హరితరేణువులకి హైడ్రిల్లా ఆకు వాడండి. చెరువుల్లో దొరుకుతుంది, అక్వేరియం కొట్లోనూ అమ్ముతారు. ఆకు మందం రెండు కణాలే కాబట్టి కోయనక్కర్లేదు, అలాగే స్లైడు మీద పెట్టేయొచ్చు. కాసేపు వెలుతురులో ఉంచితే ఆకుపచ్చ రేణువులు కణం అంచు వెంట వరసగా తిరగడం కనబడుతుంది. కణం అంటే కదలని బొమ్మ అనుకున్న పిల్లలు దీన్ని వదిలి లేవరు. ఇప్పుడు ఉల్లిపొరని మళ్ళీ గుర్తు చేయండి. రెండూ మొక్కలే, మరి ఒకదానిలో పచ్చరేణువులు ఎందుకు లేవు? ఉల్లిగడ్డ మట్టిలో పెరుగుతుంది, అక్కడ ఎండ తగలదు, అక్కడ ఆ రేణువులకి పని లేదు. అదే మొక్క పైకి తీసిన ఉల్లికాడలో ఉంటాయి. "వృక్షకణంలో హరితరేణువులు ఉంటాయి" అన్న వాక్యాన్ని పిల్లలే సరిదిద్దుతారు: ఎండ తగిలే ఆకుపచ్చ భాగాల కణాల్లో ఉంటాయి.

నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టే విషయం మైటోకాండ్రియా, అంటే చక్కెర నుంచి శక్తి తీసే కణ భాగాలు. పట్టిక వల్ల పుట్టే పెద్ద అపోహ ఇక్కడే ఉంది. మొక్కకి హరితరేణువులు, జంతువుకి మైటోకాండ్రియా అని చాలామంది పిల్లలు పంచేసుకుంటారు. డిగ్రీ దాకా వచ్చినవాళ్ళలో కూడా ఇది విన్నాను. మొక్క రాత్రి మాత్రమే శ్వాసిస్తుంది అనే నమ్మకం దీనికి తోడు. హరితరేణువు చక్కెర తయారు చేస్తుంది, సరే, ఆ చక్కెర నుంచి శక్తి ఎవరు తీయాలి? మట్టిలో ఉన్న వేరు కణానికి ఎండే లేదు, అది ఎలా బతుకుతోంది? ఈ రెండు ప్రశ్నలు వేసి ఆగండి. మొక్క కణంలోనూ మైటోకాండ్రియా ఉండి తీరాలని, పగలూ రాత్రీ పనిచేయాలని వాళ్ళే తేలుస్తారు.

ఆకారం గురించి రెండు మాటలు. వృక్షకణం దీర్ఘచతురస్రం, జంతుకణం గుండ్రం అని చెప్పకండి. నాడీకణం గుండ్రంగా ఉండదు. కణ విభజనలో పాలుపంచుకునే సెంట్రియోల్ సంగతి ఈ తరగతిలో ఒక వాక్యంతో సరిపెట్టండి, దాని మీద పీరియడ్ ఖర్చు చేయడం దండగ.

స్కూల్లో మైక్రోస్కోపు ఒక్కటే ఉందంటారు. ఫోను కెమెరా ఐపీస్‌కి ఆనించి తీసిన వీడియో క్లాసంతా చూడొచ్చు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్ బృందం 2014లో ప్రకటించిన ఫోల్డ్‌స్కోప్ కాగితం మడిచి చేసే మైక్రోస్కోపు, ఉల్లిపొరకి అది సరిపోతుంది.

ఇవన్నీ అయ్యాక పట్టిక రాయించండి, కానీ ఇంకో నిలువు వరస కలిపి: "నేను చూశాను" లేదా "పుస్తకంలో చదివాను". కణకవచం, కేంద్రకం, రిక్తిక, హరితరేణువులు చూసినవాటిలోకి వెళ్తాయి. స్కూలు మైక్రోస్కోపులో వివరంగా దొరకని మైటోకాండ్రియా, గాల్జీ (కణంలో తయారైనవాటిని సర్ది పంపే భాగం), సెంట్రియోల్ చదివినవాటిలోకి. పరీక్షలో కూడా "తేడాలు రాయండి" బదులు ఒక ఫోటో ఇవ్వండి. ఎక్కడా ఆకుపచ్చ ఉండకూడదు, కింద పేరు ఉండకూడదు. ఇది మొక్కదా, జంతువుదా? ఏం చూసి చెప్పావు? ఉప్పునీళ్ళు వేస్తే ఏమవుతుంది? జవాబు తప్పయినా చూపిన కారణం సరైనదైతే సగం మార్కులు వేయండి.