ఒకే పాఠం, మూడు కాగితాలు

శ్రోతలందరికీ నమస్కారం.

పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే మన హైస్కూళ్లలో పిల్లల్ని ఏ, బీ, సీ గ్రూపులుగా విడదీయడం మామూలే. సీ గ్రూపు వాళ్లకి గైడులోంచి కొన్ని ప్రశ్నలు ఏరి, అవే మళ్లీమళ్లీ రాయిస్తారు. పాసైతే చాలు, అంతకుమించి అడగరు. టీచర్లకు మనసు లేక కాదు. తరగతిలో నలభై మంది ఉంటే, ఒక్కొక్కరికీ తగ్గట్టు కాగితం చేత్తో రాసి జిరాక్సు తీయించడం అయ్యే పనేనా? అందుకే అందరికీ ఒకే నోట్సు, ఒకే స్లిప్ టెస్టు.

ఆ కష్టాన్ని చాలావరకు తగ్గించే సాధనం మన చేతిలోనే ఉంది. గూగుల్ డాక్స్. 2006 నుంచి ఉన్నదే, ఉచితం కూడా. ఇంటర్నెట్‌లోనే రాసుకుని, అక్కడే దాచుకుని, నలుగురూ కలిసి దిద్దుకునే పత్రం. మనలో చాలామంది దాన్ని సర్క్యులర్లు టైపు చేయడానికే వాడుతున్నాం.

కిరణజన్య సంయోగక్రియ పాఠాన్నే తీసుకుందాం. పేరు వినగానే సగం మంది పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు. నిర్వచనం ఇలా ఉంటుంది: పత్రహరితం గల మొక్కలు సూర్యకాంతి సమక్షంలో కార్బన్ డయాక్సైడ్‌ను, నీటిని వినియోగించుకొని పిండిపదార్థాన్ని తయారుచేసుకునే ప్రక్రియ. ముందు ఈ పాఠాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసుకుంటాను. ఫైల్ మెనూలో ‘మేక్ ఎ కాపీ’ నొక్కితే రెండోది సిద్ధం. అందులో ఆ వాక్యాన్ని ముక్కలు చేస్తాను. ఆకు తన తిండి తానే తయారుచేసుకుంటుంది. దానికి ఎండ కావాలి. వేళ్లు నీళ్లు పంపుతాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆకుకున్న సన్నటి రంధ్రాల్లోంచి లోపలికి వెళ్తుంది. ఒక్కో వాక్యం కింద ఒక్కో చిన్న ప్రశ్న. మూడో కాపీలో నిర్వచనమే ఉండదు, ప్రయోగం ఉంటుంది. కుండీలో మొక్కని రెండు రోజులు చీకట్లో ఉంచి, ఒక ఆకుకి సగం మేర నల్లకాగితం చుట్టి ఎండలో పెట్టాం. తర్వాత ఆకులోని పచ్చదనం పోగొట్టి అయోడిన్ వేశాం. కాగితం కప్పిన చోటు తప్ప మిగతాదంతా నీలినలుపుకి తిరిగింది. ఎందుకు? నిర్వచనం వాళ్లే రాబట్టాలి.

మూడు కాగితాల్లోనూ చివరి ప్రశ్న మాత్రం ఒకటే: చీకటి గదిలో ఉంచేసిన మొక్క ఎందుకు పాలిపోయి, చివరికి చచ్చిపోతుంది? ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. సులువు కాగితం అందుకున్న పిల్లకి చివర కూడా సులువు ప్రశ్నే పెడితే, సీ గ్రూపుని కంప్యూటర్‌లోకి ఎక్కించినట్టే.

తెలుగు టైపు చేసేవాళ్లకి ఒక చిక్కుంది. ఇంగ్లిషుకి సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకి తగులుకుంటాయి. చూపు తక్కువున్న పిల్లలకి ఏ వత్తు ఏ అక్షరానిదో తెలియదు. వాళ్ల కాపీలో అక్షరాలు పెద్దవి చేసి, లైన్ స్పేసింగ్ ఒకటిన్నరకి పెంచండి. ఒక్క నిమిషం పని.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది వెర్షన్ హిస్టరీ. పిల్లలు ఏం రాసి ఏం చెరిపారో అందులో చాలావరకు కనిపిస్తుంది. కాపీ కొట్టినవాణ్ణి పట్టుకోవడానికి వాడేవాళ్లున్నారు, వాడుకోనివ్వండి. అసలు ఉపయోగం వేరే ఉంది. ఒక అబ్బాయి జవాబు పుస్తకంలో ఉన్నట్టే తప్పు లేకుండా ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే ముందు రాసింది ఇది: “మొక్క మట్టిలోంచి తిండి తీసుకుంటుంది.” తర్వాత చెరిపేశాడు. నోట్‌బుక్కులో అయితే ఆ మొదటి ఆలోచన నా కంట పడేదే కాదు. వాడికి కావలసింది ఇంకో నిర్వచనం కాదు. వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త కథ కావాలి. ఆయన 200 పౌన్ల మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లే పోశాడు. చెట్టు 169 పౌన్లకి పెరిగితే మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులే. 1648లో, ఆయన పోయాక, ఆ సంగతి అచ్చయింది. ఈ కథని ఆ అబ్బాయి కాపీలో పక్కన కామెంటుగా పెట్టి, “మరి బరువు ఎక్కణ్ణించి వచ్చింది?” అని అడిగాను. “నీళ్లలోంచి” అని రాశాడు. హెల్మాంట్ కూడా అదే అనుకున్నాడు! గాలి సంగతి మర్నాడు క్లాసులో మాట్లాడుకున్నాం.

నోటితో చక్కగా చెప్పి, రాయమంటే వత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలుంటారు. గూగుల్ వాయిస్ టైపింగ్ 2017 నుంచి తెలుగులోనూ పనిచేస్తోంది. వాళ్లు చెబుతారు, అది టైపు చేస్తుంది. తప్పులూ పడతాయి. ఆ తప్పులు వాళ్లచేతే దిద్దిస్తే చదవడమూ అయిపోతుంది.

“మా పిల్లలకి ఫోన్లెక్కడివండీ?” అంటారు చాలామంది. నిజమే. నాన్న రాత్రి ఇంటికొస్తే గాని ఫోను రాదు, వచ్చినా అందులో డేటా మిగలదు. అయినా పిల్లలందరికీ ఫోను ఉండక్కర్లేదు. టీచరు దగ్గర ఒకటి, ఆఫీసు గదిలో ప్రింటరు ఉంటే మూడు రకాల కాగితాలు బయటికొస్తాయి. బడికి గూగుల్ క్లాస్‌రూమ్ ఉంటే మరీ మంచిది: ఎవరి కాపీ వాళ్లకే వెళ్తుంది, పక్కవాడికి ఏం వచ్చిందో తెలియదు. లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు మాత్రం ‘వ్యూయర్’ అని పెట్టండి. ‘ఎడిటర్’ అని వదిలేస్తే ఏ మేనమామ వేలో తగిలి పాఠం మొత్తం ఎగిరిపోతుంది. వెర్షన్ హిస్టరీలోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు గాని, ఆ రాత్రి గ్రూపులో వచ్చే మెసేజీలని ఆపలేం.

ఇంకొక్క సంగతి. ఫైలు పేరు పేజీ పైన అందరికీ కనబడుతుంది. అక్కడ ‘డల్ బ్యాచ్’ అని రాసే అలవాటు మానుకుందాం. నేను వేప, కానుగ, రావి అని చెట్ల పేర్లు పెడతాను. ఒక పాఠంలో కష్టమైన కాగితం వేపకి వస్తే, తర్వాతి పాఠంలో కానుగకి వస్తుంది. ఏది ఏదో పిల్లలు రెండో పాఠానికే కనిపెట్టేస్తారనుకోండి. ఈమధ్య కొందరు కష్టమైనదే కావాలని అడిగి తీసుకుంటున్నారు, ఇస్తున్నాను.

సెలవు. నమస్కారం.