బస్తీలో అమ్మకు కావాల్సింది సాయంత్రం ఓపీ

అందరికీ నమస్కారం. ఆశా అక్కలు, అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్ఎమ్‌లు పొద్దంతా డ్యూటీ చేసి కూడా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

మన తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రిలోనే అవుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, ఇది నిజంగా మీ కష్టమే. కానీ అదే సర్వేలో గర్భిణుల్లో 53 శాతం మందికి రక్తం తక్కువ, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37 శాతమే. అంటే కాన్పుకు తీసుకెళ్తున్నాం గానీ ముందు తొమ్మిది నెలలు, తర్వాత మొదటి గంట మన చేయి జారిపోతున్నాయి.

ఎందుకు జారిపోతున్నాయో మీకు తెలుసు. బస్తీ దవాఖానా పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారు, ఆ టైంకి మన చెల్లెలు అపార్ట్‌మెంట్‌లో రెండో ఇంట్లో అంట్లు తోముతుంటుంది లేదా అడ్డా మీద నుంచి కూలికి వెళ్ళిపోయి ఉంటుంది, ఆమె తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆరు, నాలుగింటికే దవాఖానాకు తాళం. చెకప్‌కి రావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే, ఇక కాన్పులోపు కావాల్సిన నాలుగు చెకప్‌లు ఎట్లా అవుతాయి చెప్పండి. ఆమెకు అవగాహన లేదు అనే మాట మాత్రం దయచేసి అనకండి, ఆమెకు లేనిది టైమే.

నిజానికి 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ పెట్టినప్పుడే పట్టణ పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా నడవాలని రాసుకున్నారు. ఇది మనం కొత్తగా అడిగేదేం కాదు, వాళ్ళు రాసిందే.

ఐరన్ బిళ్ళల సంగతి కూడా. చాలామంది ఇంట్లో బిళ్ళలు షీట్లకు షీట్లు అట్లాగే ఉంటాయి, వికారం వస్తుందనో, విరేచనం నల్లగా అవుతోందనో భయపడి మానేస్తారు, వేసుకునేవాళ్ళేమో చాయ్‌తో వేసుకుంటారు, చాయ్‌తో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. నలుపు మామూలే అమ్మా, రాత్రి అన్నం తిన్నాక నిమ్మకాయ నీళ్ళతో వేసుకో అని పక్కన కూర్చుని చెప్పాలి, షీటు చేతిలో పెట్టి రిజిస్టర్‌లో టిక్కు కొట్టి వచ్చేస్తే లాభం లేదు. అట్లా కూర్చోవాలంటే ఆశా అక్క మీద సర్వేలు, యాప్ ఎంట్రీలు ఇన్ని మోపకూడదు, ఇది ఆఫీసర్లకు నా విన్నపం.

ఒడిశా, బీహార్ నుంచి వచ్చి బిల్డింగ్ సైట్ల దగ్గర గుడిసెల్లో ఉండేవాళ్ళని కూడా మీ లిస్టులో రాసుకోండి, ఆధార్ అడ్రస్ ఇక్కడిది కాకపోయినా వాళ్ళ కడుపులో బిడ్డ ఇక్కడే పెరుగుతోంది.

ముందు వారానికి రెండు సాయంత్రాలైనా గర్భిణుల కోసం ఓపీ తెరవమని అర్జీ రాశాం, ఆ టేబుల్ మీద ఉంది, వెళ్ళేటప్పుడు సంతకం పెట్టి వెళ్ళండి.