జ్వరం తగ్గినా నీరసం వదలలేదా? సూర్యనమస్కారాలు ఆపండి ముందు!

నమస్తే అన్నా, నమస్తే అక్కా. నేరుగా విషయానికొస్తా. వైరస్ జ్వరం తగ్గి నెలలు గడిచినా నీరసం వదలని మనిషి చేత సూర్యనమస్కారాలు చేయించకూడదు. పన్నెండు వద్దు, ఆరు వద్దు, ఒక్కటి కూడా వద్దు.

ఈ మాట పోయిన వీడియోలో అన్నందుకు కామెంట్లలో నన్ను ఉతికి ఆరేస్తున్నారు. యోగాకి శత్రువునట. లాంగ్ కోవిడ్, అంటే కోవిడ్ తగ్గినా నెలల తరబడి వదలని నీరసం, ఆయాసం లాంటివి, బద్ధకానికి పెట్టుకున్న ఇంగ్లీషు పేరట. నెల్లూరులో క్లాసు నడిపే ఒకాయన ఏకంగా సవాల్ విసిరాడు. “చెమట పడితే ఒంట్లో విషమంతా పోతుంది, మా దగ్గరికి పంపించు, నెలలో పరిగెత్తిస్తా” అని రాశాడు. అయ్యా, ఈ వీడియో మీ కోసమే. చివరిదాకా చూడండి.

నేను యోగా వద్దనలేదు. యోగా పేరుతో మీరు చేయిస్తున్న డ్రిల్లు వద్దంటున్నా. ఈ మాటకి ఆధారం ఎక్కడో అమెరికాలో లేదు, యోగ గ్రంథాల్లోనే ఉంది. హఠయోగ ప్రదీపిక పేరు ప్రతి యోగా మాస్టారికీ తెలుసు. స్వాత్మారాముడు రాసింది, దాదాపు పదిహేనో శతాబ్దం నాటిది. యోగాన్ని పాడుచేసేవి ఆరు అని అందులో మొదటి ఉపదేశంలోనే, అంటే మొదటి అధ్యాయంలోనే చెప్పాడాయన. అతిగా తినడం, అతిగా శ్రమపడటం, అతిగా మాట్లాడటం, నియమాలను మూర్ఖంగా పట్టుకుని వేలాడటం, జనంతో రాసుకుపూసుకు తిరగడం, నిలకడ లేని మనసు. శ్రమ రెండోది! జనం ఐదోది! మరి మన క్యాంపుల్లో ఏముంది? మైకులో లెక్క, పక్కవాడితో పోటీ, ముందు వరసలో ఫోటో.

ఇంకా ఉంది, ఆగండి. సాధన మొదలుపెట్టేవాడికి తెల్లవారుజామున స్నానం, ఉపవాసం, శరీరాన్ని కష్టపెట్టే పనులు వద్దని అదే పుస్తకంలో గోరక్షుడనే పాతకాలపు యోగి మాటగా ఉంది. శరీరాన్ని కష్టపెట్టే పనులంటే ఏంటి? దీనికి పంతొమ్మిదో శతాబ్దంలో బ్రహ్మానందుడు జ్యోత్స్న అని సంస్కృతంలో వ్యాఖ్యానం రాశాడు. అందులో రెండు ఉదాహరణలిచ్చాడు. ఒకటి పెద్ద బరువులు మోయడం. రెండోది... గట్టిగా వినండి... ఎక్కువగా సూర్యనమస్కారాలు చేయడం! ఈ మాట అన్నది నేను కాదు, సైన్సు కూడా కాదు. మీరు రోజూ దండం పెట్టుకునే సంప్రదాయమే అంటోంది. అసలు హఠయోగ ప్రదీపికలో వివరించిన ఆసనాల్లో సూర్యనమస్కారం లేనే లేదు. ఇవాళ మనం చూస్తున్న ఈ వ్యాయామానికి ఇంత ప్రచారం తెచ్చింది మహారాష్ట్రలో ఔంధ్ సంస్థానం రాజు. అది కూడా 1920ల్లో. ఆరోగ్యంగా ఉన్నవాడికి అది మంచి వ్యాయామమే, కాదనను. మంచం దిగలేని వాడికి వైద్యం ఎట్టా అవుద్దబ్బా?

అదే పుస్తకంలో శవాసనం ఉంది. అలసటను పోగొడుతుంది, మనసుకు విశ్రాంతినిస్తుంది అని దాని గురించి సూటిగా రాశాడు స్వాత్మారాముడు. అలసట పోగొట్టేదని గ్రంథం పేరు పెట్టి చెప్పిన ఆసనాన్ని మన క్లాసుల్లో ఆఖరి రెండు నిమిషాలకు నెట్టేశారు. అప్పటికి సగం మంది చాప చుట్టేసి చెప్పులేసుకుంటూ ఉంటారు.

మా చిన్నమ్మ సంగతి చెప్తా. కోవూరు. జ్వరం తగ్గింది, రిపోర్టు నెగెటివ్ వచ్చింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆమెకి మాత్రం మెట్లెక్కితే ఆయాసం, తల మొద్దుబారడం, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే మర్చిపోవడం. ఎవరో చెప్పారని కల్యాణమండపంలో యోగా క్లాసులో చేరింది. మొదటి రోజు చేసొచ్చి “ఒళ్లు తేలిగ్గా ఉందిరా నాయనా” అని సంబరపడింది. రెండో రోజూ వెళ్లింది. మూడో రోజు పొద్దున దోసెలు పోస్తూ పోస్తూ చేతిలో గరిటె పట్టుకోలేక, పెనం మీద దోసె అలాగే వదిలేసి, స్టవ్వు పక్కన నేల మీద కూర్చుండిపోయింది. దోసె మాడిన వాసనకి మా తమ్ముడు పరిగెత్తుకెళ్లి చూస్తే, మాట్లాడటానికి కూడా ఓపిక లేదామెకి. వారం పైగా మంచం దిగలేదు. క్లాసు మాస్టారికి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? “మొదట్లో అలాగే ఉంటుంది, మానేస్తే బద్ధకం పెరుగుతుంది, రేపు తప్పకుండా రమ్మనండి.” నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మండింది ఇంకా చల్లారలేదు, అందుకే ఈ గొంతు.

ఆమెకి వచ్చింది బద్ధకం కాదు. దానికి వైద్యంలో పేరుంది, పోస్ట్ ఎగ్జర్షనల్ మలేజ్. శ్రమ చేసినప్పుడు బానే ఉంటుంది, దెబ్బ తర్వాత పడుతుంది. పన్నెండు గంటల నుంచి రెండు రోజుల లోపు కుప్పకూలుస్తుంది, ఒక్కోసారి రోజులు, వారాలు లేవనివ్వదు. ఇందుకే మాస్టార్లకి దొరకట్లేదు ఇది. క్లాసులో అందరూ నవ్వుతూనే కనిపిస్తారు. ఆ రోజు ఉత్సాహం అప్పు తెచ్చుకున్న డబ్బు లాంటిది, వడ్డీతో సహా కట్టేది ఇంట్లో మంచం మీద. అది మాస్టారికి కనపడదు. రాని వాళ్లని మానేశారని రిజిస్టర్లో రాసుకుంటాడు.

కండలోనే తేడా పట్టుకున్నారు పరిశోధకులు. ఆమ్‌స్టర్‌డామ్‌లో లాంగ్ కోవిడ్ ఉన్న 25 మంది చేత సైకిల్ తొక్కించారు. తొక్కక ముందూ, తొక్కిన మర్నాడూ తొడ కండలోంచి చిన్న ముక్క తీసి చూశారు. కండ కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పనితీరు మర్నాటికి తగ్గింది, కండ దెబ్బతిన్న గుర్తులు పెరిగాయి. 2024 జనవరిలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కండ దెబ్బతింటోందని కళ్లముందు కనపడుతుంటే బద్ధకం అంటారేంది? బ్రిటన్ సంగతి చూడండి. వైరస్ తర్వాత చాలామందికి మొదలయ్యే దీర్ఘకాలిక అలసట జబ్బు ఒకటుంది, క్రానిక్ ఫటీగ్ అంటారు. ఆ రోగులకు రోజురోజుకీ వ్యాయామం పెంచుకుంటూ పొమ్మని 2007లో నైస్ సంస్థ, అంటే ఏ జబ్బుకి ఏ వైద్యం చేయాలో అక్కడి డాక్టర్లకి చెప్పే సంస్థ, సలహా ఇచ్చింది. రోగులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2021 అక్టోబరులో ఆ సలహా తీసేసింది. అంత పెద్ద సంస్థ మాట మార్చుకుంటే, మన కల్యాణమండపం మాస్టారు మార్చుకోలేడా?

ఇంకో పాయింటు, దీన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. 2021లో ఆక్సిజన్ చూసుకోవడానికి వేలికి పెట్టుకునే క్లిప్పు ఎన్ని ఇళ్లలో కొన్నారు! ఇప్పుడు బీరువాలో మూలన పడుంటుంది. బయటికి తీయండి, సెల్స్ మార్చండి. అందులో ఆక్సిజన్ పక్కన ఇంకో అంకె ఉంటుంది, అది మీ నాడి. పది నిమిషాలు వెల్లకిలా పడుకుని ఆ అంకె రాసుకోండి. తర్వాత ఇంట్లో ఒకర్ని పక్కన పెట్టుకుని నిలబడి, పది నిమిషాల్లోపు ఎంత పెరిగిందో చూడండి. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోండి. పెద్దవాళ్లకి 30 దాటి పెరిగి అలాగే ఉంటే, గుండె దడ, కళ్లు బైర్లు కమ్మడం కూడా ఉంటే, డాక్టరుకి ఆ అంకెలు చూపించండి. వైరస్ తర్వాత చాలామందిలో ఈ ఇబ్బంది కనిపిస్తోంది. ఇప్పుడు ఆలోచించండి. ఇలాంటి మనిషిని పరగడుపున తల కిందికి వంచి, పైకి లేపి, మళ్లీ వంచి, మళ్లీ లేపితే ఏమవుద్ది?

నా సిద్ధాంతం ఒకటుంది, నచ్చకపోతే తిట్టండి. మనకి ఏ వైద్యమైనా గుంపుగా, గబగబా, లెక్కపెట్టుకునేలా ఉంటేనే నమ్మకం. 2021 మే నెలలో కృష్ణపట్నం దారి గుర్తుందా? ఆనందయ్య మందు కోసం వేలమంది. ప్రభుత్వం పంపిణీ ఆపేదాకా ఆ రోడ్డు మీద కాలు పెట్టే చోటు లేదు. వెళ్లిన వాళ్లని నేను తప్పు పట్టను. ప్రాణభయం అది, ఆస్పత్రుల్లో బెడ్డు దొరకని రోజులు. యోగాలోకి కూడా అదే గుంపు, అదే తొందర వచ్చి కూర్చుంది అంటున్నా. 2025 జూన్ 21న విశాఖ బీచ్‌లో మూడు లక్షల మందికి పైగా కూర్చుని ఆసనాలు వేశారు. పండగ లాగా బాగుంది, నేనూ టీవీలో చూసి మురిసిపోయా. కానీ జబ్బు మనిషికి ఆ లెక్క, ఆ వేగం పనికిరాదు. ఒంటరిగా, చీకటి గదిలో, పడుకుని చేసే యోగానికి ఎవడూ సర్టిఫికెట్ ఇవ్వడు. మనవాళ్లకి దాని మీద గురి కుదరకపోవడానికి కారణం అదే.

చికున్‌గున్యా వచ్చిన వాళ్లు అడుగుతున్నారు, మా సంగతేంటని. 2006లో వచ్చినప్పుడు మన ఊళ్లలో వంగి వంగి నడిచిన జనం గుర్తున్నారు కదా, కొందరికి కీళ్ల నొప్పులు ఏళ్ల తరబడి ఉండిపోయాయి. వాళ్లది కీళ్లు బిగుసుకుపోయే బాధ. వేళ్లు, మణికట్లు, చీలమండలు కూర్చునే నెమ్మదిగా తిప్పుకోవడం మేలు చేస్తుంది. మర్నాడు కుప్పకూలే లక్షణం లేనివాళ్లు నడక కొంచెం కొంచెం పెంచుకోవచ్చు. ఆ లక్షణం ఉన్నవాళ్ల గురించే నా గోలంతా.

మరి వాళ్లేం చేయాలి? దివాన్ మీదో, చాప మీదో పడుకోండి. మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలండి. వదిలేటప్పుడు నాడి నెమ్మదిస్తుంది, కావాలంటే వేలు మణికట్టు మీద పెట్టి చూసుకోండి, మీకే తెలుస్తుంది. ఐదు నిమిషాలు చాలు. బిగబట్టడాలు లేవు. గబగబా ఊపిరి కొట్టే కపాలభాతి, భస్త్రిక జోలికి అసలు పోవద్దు. కళ్లు మూసుకుంటే దడగా ఉంటే తెరిచే ఉంచండి. యోగనిద్ర ఆడియో, అంటే పడుకుని వింటూ ఒళ్లు వదులు చేసుకునేది, పెట్టుకుని మధ్యలో నిద్రపోయినా పర్వాలేదు, నిద్ర పట్టని వాళ్లకి అదే పెద్ద లాభం. ఏది పెంచాలన్నా రెండు రోజులు ఆగి, ఒళ్లు ఏమంటుందో చూసి పెంచండి. ధ్యానంతో వైరస్ మిగిల్చిందంతా పోతుందని నేను చెప్పను, అలా చెప్పేవాళ్లని నమ్మొద్దు. దడ, టెన్షన్, నిద్ర, వీటిలో చాలామందికి ఊరట ఉంటుంది. ఆ ఊరట చిన్నదేం కాదు. నెలల తరబడి నిద్రలేని వాళ్లని అడగండి.

నీరసం ప్రతీదీ వైరస్ వల్లే అనుకుని కూడా కూర్చోవద్దు. షుగర్, థైరాయిడ్, రక్తం తక్కువ కావడం, టీబీ, ఇవి చూపించుకోండి ముందు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఆక్సిజన్ పడిపోవడం ఉంటే యోగా గీగా పక్కన పెట్టి ఆస్పత్రికి పరిగెత్తండి.

సవాల్ విసిరిన మాస్టారూ, నేను కూడా ఒకటి అడుగుతున్నా. రేపు పొద్దున క్లాసులో మైకు పట్టుకుని “మీలో జ్వరం వచ్చి తగ్గినా నీరసం వదలని వాళ్లెవరు?” అని అడగండి. చెయ్యెత్తిన వాళ్లని వెనక వరసలో పడుకోబెట్టి శవాసనం మాత్రం చేయించండి. రెండు రోజుల తర్వాత మీరే ఫోన్ చేసి ఎట్టా ఉండారో కనుక్కోండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు కింద కామెంట్లో రాయండి, పిన్ చేసి పెడతా. ఒంగోలు, కావలి, గూడూరు, కనిగిరి, ఏ ఊరి మాస్టారైనా సరే రండి. క్లాసుకెళ్లి మంచాన పడ్డవాళ్లు ఉంటే మీరూ రాయండి, క్లాసు పేరు వద్దు, ఏం చేయించారో, ఎన్నో రోజు పడిపోయారో రాయండి.