యూనివర్సిటీలు మన వివరాలు ఎన్నాళ్లు దాస్తాయి?

శ్రోతలకు నమస్కారం.

యూనివర్సిటీలో సీటు వచ్చిందన్న సంతోషంలో ఉండగానే చేతికి ఒక ఫారం వస్తుంది. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఇంటి ఆదాయం, బ్యాంకు ఖాతా నంబరు, ఆరోగ్య సమస్యలు, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి... అన్నీ నింపేస్తాం. ఎందుకు అని ఎవరూ అడగరు. సీటు పోతుందేమోనన్న టెన్షన్ అలాంటిది. చేరాక గేటు దగ్గర కార్డు, లైబ్రరీ కార్డు, క్యాంపస్ వైఫై, పాఠాలు పెట్టే వెబ్‌సైటు. మనం ఎప్పుడు వచ్చాం, ఏ పాఠం ఎన్నిసార్లు తెరిచాం అన్నది ఇవన్నీ నమోదు చేస్తూనే ఉంటాయి.

ఇందులో చాలా భాగం అవసరమే. ఫీజు రాయితీ ఇవ్వాలంటే ఆదాయం తెలియాలి. క్లాసులకు రావడం మానేసిన పిల్లవాణ్ణి ముందుగానే గుర్తించి, పిలిచి మాట్లాడితే అంతకన్నా మంచి పని ఏముంది? కాబట్టి ఎందుకు అడుగుతున్నారన్న దాని మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు. నా ప్రశ్న ఒక్కటే. ఎన్నాళ్లు దాస్తారు?

ఈ ప్రశ్న ఎంత పెద్దదో చెప్పడానికి ఆస్ట్రేలియాలో జరిగిన సంగతి ఒకటుంది. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ. 2018 నవంబరులో అక్కడ ఒక పెద్ద ఉద్యోగికి ఒక మెయిల్ వచ్చింది. ఆ మెయిల్‌లో లింకు నొక్కాల్సిన పని లేదు, ఫైలు తెరవాల్సిన పని లేదు. ప్రివ్యూలో చూస్తే చాలు, దొంగలకు దారి దొరికింది. ఆ దారిన లోపలికి వచ్చినవాళ్లు, త్వరలో తీసేయాలనుకుంటూ ఇంకా తీసేయని ఒక పాత సర్వర్‌ను పట్టుకున్నారు. దాని నుంచి నెట్‌వర్క్‌లో చాలా చోట్లకు వెళ్లే వీలుంది. అలా వెతుక్కుంటూ విద్యార్థుల, ఉద్యోగుల రికార్డులున్న సిస్టమ్ దాకా చేరారు.

సంగతి 2019లో గాని బయటపడలేదు. జూన్‌లో యూనివర్సిటీ ప్రకటన చేసింది. పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు, పాస్‌పోర్టు వివరాలు, మార్కులు. ఎన్నేళ్లవో తెలుసా? 19 ఏళ్లవి. మళ్లీ చెబుతున్నాను, 19 ఏళ్లవి. ఎప్పుడో చదువు ముగించుకుని, ఉద్యోగాల్లో స్థిరపడి, పిల్లల్ని కన్నవాళ్ల వివరాలు కూడా అందులో ఉన్నాయి. అత్యవసర ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. అంటే ఆ యూనివర్సిటీలో ఏనాడూ అడుగుపెట్టని అమ్మలవీ, అన్నలవీ, స్నేహితులవీ అన్నమాట. వాళ్లు ఏ ఫారం మీదా సంతకం పెట్టలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే.

అదే ప్రకటనలో ఇంకో మాట ఉంది. వైద్య రికార్డులు, క్రెడిట్ కార్డు వివరాలు దాచిన సిస్టమ్‌ల జోలికి దొంగలు వెళ్లలేదట. అన్నీ ఒకే చోట లేకపోవడం ఎంత మేలు చేసిందో చూడండి.

అప్పటి వైస్ ఛాన్సలర్ బ్రయన్ ష్మిట్, 2011లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవారిలో ఒకరు. ఆయన ఈ విషయాన్ని కప్పిపుచ్చలేదు. ఏం జరిగిందో, ఎక్కడ లోపం ఉందో పూసగుచ్చినట్టు చెప్పే నివేదికను అక్టోబరులో అందరి ముందూ పెట్టారు. మిగతా సంస్థలు కూడా నేర్చుకోవాలన్నది ఆయన ఉద్దేశం. మొదట భయపడినంత సమాచారం పోయినట్టు లేదనీ, అయితే సరిగ్గా ఎవరి రికార్డులు పోయాయో చెప్పలేమనీ అందులో రాశారు. దెబ్బ తిన్న సంస్థ అంత నిజాయితీగా మాట్లాడటం అరుదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

కొన్ని రికార్డులు ఎప్పటికీ ఉండాల్సిందే. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా డిగ్రీ నిజమా కాదా అని అడిగితే యూనివర్సిటీ జవాబు చెప్పగలగాలి. మార్కులు, పట్టా వివరాలు ఉంచండి. కానీ ఎప్పుడో ఫీజు వాపసు కోసం ఇచ్చిన బ్యాంకు నంబరు ఎందుకు? హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయిన అమ్మాయి వాళ్ల నాన్న ఫోన్ నంబరు ఎందుకు?

చట్టాలు కూడా ఈ ప్రశ్న అడిగే వీలు ఇస్తున్నాయి. అవసరం తీరాక వ్యక్తిగత సమాచారం ఉంచుకోకూడదని 2018 నుంచి అమల్లో ఉన్న యూరప్ చట్టం జీడీపీఆర్ చెబుతుంది. నా గురించి ఏ సమాచారం ఉంచుకున్నారు అని అడిగితే మామూలుగా నెల లోపు చెప్పాలి. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థి తన రికార్డులు చూడాలంటే 45 రోజుల్లోగా చూపించాలి.

అందుకే, చదువు ముగించుకుని వెళ్తున్న పిల్లలూ, ఒక్క పని చేయండి. సర్టిఫికెట్లు చేతికొచ్చిన వారంలోనే రిజిస్ట్రార్ ఆఫీసుకు ఒక మెయిల్ రాయండి. నా గురించి మీ దగ్గర ఏమేం ఉన్నాయి, ఏవి ఎన్నాళ్లు ఉంచుతారు, నా బ్యాంకు నంబరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు తీసేయగలరా అని అడగండి. మర్యాదగా, నాలుగు వాక్యాల్లో. కాలేజీ మెయిల్ కొన్నాళ్లకు ఆగిపోవచ్చు కాబట్టి మీ సొంత మెయిల్ నుంచి పంపండి. జవాబు రాకపోతే మళ్లీ రాయండి. రెండు మెయిల్స్ కాపీలూ తేదీలతో సహా దగ్గర ఉంచుకోండి, తర్వాత ఫిర్యాదు చేయాల్సి వస్తే అవే కావాలి.

సెలవు. నమస్కారం.