ఊలు ఎన్ని ఉండలు కావాలి? చిన్న ముక్కతో లెక్క తేల్చేద్దాం

హాయ్ అండీ, నమస్తే. ఈ రోజు అల్లిక ఏమీ లేదు, ఉత్త లెక్కే. ఆగండాగండి, లెక్క అనగానే వీడియో మూసేయకండి! గుణకారాలన్నీ ఫోనే చేసిపెడుతుంది, మనం సరిగ్గా కొలిస్తే చాలు.

ఒక దుప్పటి అల్లాలి. డిజైన్ మన సొంతం, కాబట్టి ఊలు ఎంత పడుతుందో ఎక్కడా రాసి ఉండదు. ఎన్ని ఉండలు తెచ్చుకోవాలి? అదీ సంగతి.

ముందు శాంపిల్ ముక్క. ఇదిగో, నిన్న అల్లిపెట్టుకున్నా. దుప్పటికి ఏ ఊలు, ఏ హుక్, ఏ డిజైనో, ముక్కకీ అవే. అల్లాను, తడిపాను, పరిచి ఆరబెట్టాను, కొసలు కత్తిరించాను. ఇదంతా మీకు తెలిసిందేగా, పదండి. సూదులతో అల్లేవాళ్లకూ ఇదే లెక్క, తేడా ఏం లేదు.

టేపు పెడుతున్నా... అటు 15 సెంటీమీటర్లు, ఇటు 15. మీది పద్నాలుగున్నరే వస్తే పద్నాలుగున్నరే రాసుకోండి, లాగి పీకి 15 చేయకండి. 15 పదిహేన్లు 225. దుప్పటేమో 90కి 120, అంటే 10,800. దాన్ని 225తో భాగించండి... 48. అంటే ఇలాంటి ముక్కలు 48 అయితే మన దుప్పటి. అంతే.

ఇప్పుడు ముక్కని తూచుదాం. చూడండి, 14 గ్రాములు. 14 ఇంటూ 48... 672 గ్రాములు.

ఇక్కడ ఒక చిన్న మాట. వంటింటి స్కేలు గ్రాముకి తక్కువ చూపించదు కదా, పదమూడున్నర ఉన్నా 14 అనేస్తుంది. అర గ్రామే కదా అనుకుంటాం, దాన్ని 48 సార్లు వేస్తే 24 గ్రాములు! పావు ఉండ తేడా. అందుకే నేను నగలు తూచే బుల్లి స్కేలు వాడతా, ఇదిగో, పాయింటు తర్వాత అంకె కూడా కనబడుతుంది. నా అల్లిక బుట్టలో హుక్ తర్వాత నాకు ఇష్టమైంది ఇదే. అది లేకపోతే ముక్కని ఇంకాస్త పెద్దది అల్లండి, తప్పు తగ్గుతుంది.

సరే, 672. పైన ఓ పది శాతం వేసుకుందాం, చేయి ఒక రోజు బిగుతు, ఒక రోజు వదులు. 740 అనుకోండి. ఉండ 100 గ్రాములు, కాబట్టి 8 ఉండలు.

అయిపోయిందా? అవ్వలేదు. నేను ఇక్కడే బోల్తా పడ్డా.

ఆ ముక్క అల్లింది అక్రిలిక్‌తో. కొట్లో కాటన్ రంగు నచ్చింది. మందం అదే, ఉండ అదే 100 గ్రాములు, ఇంకేంటి అని 8 తెచ్చేశా. దుప్పటి చివర్లో ఇంకా బెత్తెడు ఉండగా ఊలు అయిపోయింది! మళ్లీ వెళ్తే అదే రంగు దొరికింది, కానీ డై లాట్ నంబర్, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబర్, అది వేరు. ఇంట్లో దీపం వెలుగులో తెలియలేదు, పొద్దున ఎండలో చూస్తే చివర చార కొట్టొచ్చినట్టు కనబడింది. విప్పాను. మొత్తం కాదులెండి, కానీ విప్పాను.

ఎందుకలా? లేబుల్ జూమ్ చేస్తున్నా, చూడండి. అక్రిలిక్: 100 గ్రాములు, 220 మీటర్లు. కాటన్: 100 గ్రాములు, 170 మీటర్లు. కాటన్ బరువెక్కువ, అదే తూకానికి దారం తక్కువ వస్తుంది. మనం అల్లేది దారాన్ని, బరువుని కాదు కదా! అందుకని గ్రాముల దగ్గర ఆగకండి, మీటర్లలోకి మార్చండి. మళ్లీ చెప్తున్నా, మీటర్లలోకి.

ముక్క ఏ ఊలుతో అల్లామో ఆ లేబులే చూడాలి. 100 గ్రాములకి 220, అంటే గ్రాముకి 2.2 మీటర్లు. 740 ఇంటూ 2.2... 1628 మీటర్లు. ఇదీ అసలు అంకె. ఇప్పుడు ఏ ఉండ కొంటారో దాని మీటర్లతో భాగించండి. 220తో అయితే ఏడు దాటింది, 8 ఉండలు. 170తో అయితే తొమ్మిదిన్నర పైన, 10 ఉండలు. చూశారా, అదే దుప్పటి! మందం ఒకటే అయినప్పుడే ఇది, మందం మారితే ముక్క మళ్లీ అల్లాల్సిందే. లేబుల్ మీద గజాలు ఉంటే 0.91తో గుణించండి, మీటర్లు వచ్చేస్తాయి.

కుచ్చులు పెట్టేవాళ్లుంటే వాటిని విడిగా లెక్కేయండి, అవి ఊలు తెగ తింటాయి. రెండు అంచులకీ కలిపి 60 కుచ్చులు, కుచ్చుకి 4 పోగులు, పోగు 32 సెంటీమీటర్లు. 77 మీటర్లు దాకా వచ్చింది. 1628కి కలిపితే 1705. కాటన్ 10 ఉండలంటే 1700!

అయిదు మీటర్లే కదా, పోగులు కాస్త పొట్టిగా కోస్తే సరిపోతుంది అంటారా? సరిపోతుంది. నేను మాత్రం 11 తెచ్చుకుంటా, అన్నీ ఒకే లాట్ నంబర్. ఆ చార ఇంకా కళ్లల్లోనే ఉంది.